రోడ్డు మార్జిన్ ఎవరి జాగీరు?

కాకినాడ మెయిన్ రోడ్డు మీద మసీదు సెంటర్ దగ్గర సాయంకాలం కొంతసేపు నిలబడితే ఒక సంగతి తేలికగా బోధపడుతుంది. రోడ్డుకు రెండు అంచులా కార్లు, మోటారు సైకిళ్ళు బారులు తీరి ఉంటాయి. వాటికీ దుకాణాల మెట్లకూ నడుమ మిగిలిన కొద్దిపాటి సందులో ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు పక్కకు ఒదిగి నడుస్తూ ఉంటారు. ఎక్కడైనా ఒక కారు కదిలి చోటు ఖాళీ అయితే, ఆ చోటులోకి పళ్ళ బండి ఒకటి వచ్చి ఆగుతుంది. మరో కారు వచ్చి హారన్ కొట్టగానే ఆ బండి కదిలిపోతుంది. బండి మనిషి ఎంత పిలిచినా కారు మాత్రం కదలదు. పలకడానికి అందులో మనిషే ఉండడు.

దీనిని అందరూ ట్రాఫిక్ సమస్య అంటున్నారు. మేము దీనిని భూమి పంపకం సమస్య అంటాము. తారు అంచు మొదలుకొని దుకాణపు మెట్టు దాకా ఉన్న నేలను మన ఊళ్ళలో రోడ్డు మార్జిన్ అంటారు. అది ఏ ఒక్కరి పట్టాలోనూ లేదు. దాని కోసం పోటీ పడేవారు మాత్రం అనేకులు. బస్సు ఆగడానికి అది కావాలి. ఆటో నిలవడానికి కావాలి. దుకాణానికి సరుకు దించే లారీకి కావాలి. హోటలు ముందు పార్సిలు కోసం ఎదురుచూసే స్విగ్గీ, జొమాటో కుర్రాళ్ళకు కావాలి. కారుకు, మోటారు సైకిలుకు కావాలి. పాదచారికి అందరికంటె ముందు కావాలి. తోపుడు బండికి, కింద గోనె పరచి కూర్చునే అమ్మకు కావాలి. ఇంతమంది అడుగుతున్న నేలను పంచే పెద్దమనిషి లేడు. అందుచేత ఎవరి ఇనుము బరువైనదైతే వారిదే చోటు అయింది. తిన్నని, వెడల్పైన వీధులున్న ఊరని, పింఛనుదార్ల స్వర్గమని మన కాకినాడకు పేరు. ఆ పింఛనుదార్లలో మేమూ ఉన్నాము. ఈ స్వర్గంలో నడిచేవారికే దారి దొరకడం లేదు.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగిరీ చేసి విరమించినవారము. ఆ సర్వీసులో ఒకప్పుడు, ఒక పట్టణంలోని బండ్ల గురించి 'ట్రాఫిక్‌కు అంతరాయము కలిగించుచున్నవి, తొలగింపునకు ఉత్తర్వులు కోరడమైనది' అని నోట్ ఫైలు పెట్టినది మా చేయే. ఆ చోటు ఎలా ఉంటుందో అప్పటికి మేము చూడనైనా లేదు. పై అధికారి నోటి మాటను కాగితం మీదికి ఎక్కించి, కింద పొట్టి సంతకం చేశాము. అటుపిమ్మట అక్కడ ఎన్ని పొయ్యిలు ఆరిపోయాయో మాకు తెలియదు. ఇప్పుడు వెనుదిరిగి చూస్తే ఒక విషయం స్ఫురిస్తున్నది. రోడ్డు మార్జిన్‌లో నిలిపి ఉంచిన కారును 'ఆక్రమణ' అని పేర్కొన్న ఫైలు మా సర్వీసు మొత్తంలో ఒక్కటైనా మా బల్ల మీదికి రాలేదు. ఒకే నేల మీద, ఒకే రోజున, బండి నిలిస్తే దాని పేరు ఆక్రమణ. కారు నిలిస్తే దాని పేరు పార్కింగు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే అన్యాయమంతా ఇమిడి ఉంది.

లెక్క వేసి చూద్దాం. గుమాస్తాకు లెక్క మీద ఉన్న నమ్మకం మాట మీద ఉండదు. ఒక కారు నిలపడానికి సాధారణంగా గీసే గడి ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. అడుగులలో చెప్పాలంటే దాదాపు 135 చదరపు అడుగులు. తోపుడు బండి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అనుకుంటే 24 చదరపు అడుగులు. ఒక్క కారు నిలిచే చోటులో ఐదు బండ్లు పడతాయి. ఐదు బండ్లంటే ఐదు కుటుంబాలు. ఆటోకైతే ముప్పై ఐదు, నలభై చదరపు అడుగులు చాలు. అదే గడిలో మూడు ఆటోలు నిలుస్తాయి. ఆ కారులో వచ్చినవారు ఒకరో ఇద్దరో. వారు సినిమా రోడ్డులోనో మెయిన్ రోడ్డులోనో చీరలు కొని తిరిగి వచ్చేదాకా రెండు గంటలు ఆ 135 అడుగులు వారివే. మెయిన్ రోడ్డులో దుకాణం అద్దెకు తీసుకున్నవారిని అడగండి, అడుగు నేలకు నెలకు ఎంత కడుతున్నారో. ఉదాహరణకు అడుగుకు 20 రూపాయలే అనుకున్నా, ఆ కారు గడి నెల అద్దె 2,700 రూపాయలు అవుతుంది. అది కారుకు ఉచితం. బండి మనిషికి మాత్రం ఏ రోజూ ఉచితం కాదు. మన పట్టణాలలో ఆశీలు వేలం పాడుకున్న గుత్తేదారు మనిషి పొద్దున్నే వచ్చి చీటీ చింపి డబ్బు పుచ్చుకుంటాడు. ఆ పైన మామూళ్ళు. ఆ పైన, ఎవరి దుకాణం ముందు నిలిచారో వారికి 'ముందు అద్దె'. రోజుకు మూడుసార్లు అద్దె కట్టేవారు ఆక్రమణదారులు, దమ్మిడీ కట్టనివారు గౌరవనీయులైన పౌరులు!

ఈ వైపరీత్యం గుర్తించినవాళ్ళం మనమే మొదటివాళ్ళం కాదు. కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు చోటును పంచవలసింది వాహనాలకు కాక మనుషులకని చెప్పింది. నగరంలో నేల విలువైనది గనుక, నిలిపిన వాహనం ఆక్రమించే నేలకు ఆ విలువకు తగిన రుసుము వసూలు చేయాలని కూడా చెప్పింది. అమెరికాలోని ఓక్లహోమా నగరంలో 1935లోనే రోడ్డు పక్కన పార్కింగ్ మీటరు పాతి గంటకు ఐదు సెంట్లు పుచ్చుకున్నారు. పొద్దున వచ్చి పెట్టిన కారు సాయంత్రం దాకా కదలక, కొనుగోలుదారులకు చోటు దొరక్క, అక్కడి వర్తకులే మీటరు కావాలన్నారు. జపాన్ 1962లో చట్టం చేసింది: కారు పెట్టుకోవడానికి సొంత చోటు ఉందని రుజువు చూపనిదే కారు రిజిస్ట్రేషను జరగదు. మన దగ్గర కారు కొనడానికి బ్యాంకు అప్పు చాలు. దానిని పెట్టుకునే చోటు ఊరంతా కలిసి ఇస్తుంది.

ఇక చట్టం మాట. వీధి విక్రయదారుల జీవనోపాధి రక్షణ, వీధి విక్రయాల క్రమబద్ధీకరణ చట్టం 2014 మే 1 నుండి అమలులోకి వచ్చింది. అది ఊరకే వచ్చిన చట్టం కాదు. 1989లో సోదన్ సింగ్ కేసులో, వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఫలానా చోటే కావాలని పట్టుబట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదని, ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చునని కూడా చెప్పింది. అది న్యాయమే. ఆ ఆంక్షలు ఎలా ఉండాలో పాతికేళ్ళ తరువాత చట్టం చెప్పింది. ఐదేళ్ళకొకసారి వీధి విక్రయదారులందరినీ సర్వే చేయాలి. సర్వే ముగిసి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. పట్టణ జనాభాలో రెండున్నర శాతం మేరకు విక్రయదారులకు చోటు చూపాలి. మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న కాకినాడకు ఈ లెక్కన ఏడున్నర వేల మందికి పైగా చోటు రావాలి. ఖాళీ చేయించవలసి వస్తే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం చేసి చేతికివ్వాలి. రుసుము చెల్లించాక పాడైపోయే సరుకును ఆ రోజే, పాడుకాని దానిని రెండు పనిదినాలలో తిరిగి ఇచ్చేయాలి.

మోటారు వాహనాల చట్టం కారుకు ఏమి చెప్పిందో దీని పక్కన పెట్టి చదవండి. బహిరంగ స్థలంలో ఎవరూ లేకుండా పది గంటలు వదిలేసిన వాహనాన్ని లాగించివేసే అధికారం పోలీసులకు ఉంది. పార్కింగు నిషేధించిన చోట నిలిపితే పది గంటలు ఆగనక్కరలేదు కూడా. కాగితం మీద బండికి ముప్పై రోజుల రక్షణ, కారుకు పది గంటల గడువు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ అంకెలు తారుమారవుతున్నాయి.

పేరు ఎందుకు గాని, ఈ డెల్టాలోనే ఒక పట్టణంలో జరిగిన సంగతి. రంజాన్ మాసం. ఇఫ్తారు వేళకు పళ్ళు అమ్ముకునే మనిషి ఒకరు మాకు పరిచయం. ఆయన బండిని మధ్యాహ్నం లారీలోకి ఎక్కించారు. కబురు అంది మేము వెళ్ళేసరికి ఆయన రోడ్డు అంచున ఖాళీ చేతులతో నిలబడి ఉన్నారు.

"నోటీసు ఏమైనా ఇచ్చారా భాయ్?" అని అడిగాము.

"నోటీసా చాచా? లారీయే నోటీసు" అన్నారు.

"సరుకు జాబితా ఇచ్చారా?"

"ముందు బండి తిరగేశారు. ఇంక జాబితా ఏం రాస్తారు?"

చట్టం ప్రతి ఒకటి జెరాక్సు తీయించి, 19వ సెక్షను కింద గీత గీసి, అర్జీ రాసి పట్టుకుపోయాము. అక్కడి గుమాస్తా అబ్బాయి మంచివాడే. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటి చట్టం ఉందా గురువుగారూ?" అని అడిగాడు. మేము అదే కుర్చీలో కూర్చున్న రోజులు గుర్తుకు వచ్చి మాకు కోపం రాలేదు, సిగ్గు వేసింది. పదకొండు రోజులకు బండి, త్రాసు తిరిగి వచ్చాయి. ఒక చక్రం వంగి ఉంది. పళ్ళ సంగతి అడగనక్కరలేదు. ఆ ఏడు వారి ఇంట్లో పండుగ ఎలా గడిచిందో మేము ఇక్కడ రాయము, ఆయన రాయవద్దన్నారు.

ఈ విషయం మన పత్రికలో ఎందుకు అని కొందరు అడగవచ్చు. బండి నెట్టేవారిలో అన్ని మతాలవారూ, అన్ని కులాలవారూ ఉన్నారు కదా? ఉన్నారు. వారందరి పక్షాన మేము రాస్తున్నాము. అయితే మన వాటా ఎంతో కూడా తెలుసుకోవాలి. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పిన ఒక అంకెను మన వేదికల మీద ఎవరూ ఎత్తడం లేదు. దేశంలో పనిచేసే పురుషులలో వీధి వ్యాపారం మీద బతికేవారు సగటున ఎనిమిది శాతం లోపు. ముస్లిం పురుషులలో పన్నెండు శాతానికి పైగా. ఉద్యోగాల శాతాలు, చదువుల శాతాలు మనకు కంఠతా వచ్చు. ఈ పన్నెండు శాతం మాత్రం ఎవరి ఉపన్యాసంలోనూ వినరాదు. ఉద్యోగం రానివారు, చదువు మధ్యలో ఆగినవారు, దుకాణం అద్దెకు తీసుకోలేనివారు చివరకు చేరేది రోడ్డు అంచుకే. అక్కడి నుండి కూడా నెట్టివేస్తే ఆ తరువాత చేరడానికి చోటు లేదు.

మన వెనుకబడిన వర్గాల జాబితానే తీసుకోండి. 2007లో ముస్లిములకు నాలుగు శాతం రిజర్వేషను ఇస్తూ బీసీ-ఇ కింద చేర్చిన పేర్లలో అత్తరు సాయిబులు ఉన్నారు, గారడి సాయిబులు ఉన్నారు, ఎలుగుబంటిని ఆడించి బతికిన గుడ్డి ఎలుగువాళ్ళు ఉన్నారు, ఫకీరు సాయిబులు ఉన్నారు. ఒక్కసారి ఆ పేర్లు వరుసగా చదివితే చాలు. అవి వీధి పేర్లు. అత్తరు పెట్టె భుజాన వేసుకుని వీధి వీధి తిరిగిన మనిషికి, నాలుగు రోడ్ల కూడలిలో గారడి చేసిన మనిషికి వీధే కార్ఖానా, వీధే కార్యాలయం. ప్రభుత్వం ఒక చేత్తో ఆ వృత్తి పేరు చెప్పి రిజర్వేషను ఇస్తుంది, మరో చేత్తో ఆ వృత్తి చేసుకునే నేలను తీసుకుంటుంది. నాలుగు శాతం కోసం మనం కోర్టుల చుట్టూ తిరుగుతున్నాము, తిరగవలసిందే. రోడ్డు మార్జిన్ కోసం ఒక్క వినతిపత్రమైనా ఇచ్చామా?

ఆటో నడిపే మన పిల్లల సంగతి చూడండి. 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మన తల్లులకు, అక్కచెల్లెళ్ళకు, కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలకు అది గొప్ప మేలు. దానికి వ్యతిరేకంగా మేము ఒక్క మాట కూడా అనము. ఆటోలకు కిరాయి తగ్గిన మాట కూడా నిజమే. ప్రభుత్వం డ్రైవర్లకు ఏడాదికి 15 వేల రూపాయలు ఇస్తామని ముందుకు వచ్చింది. బాగుంది. కాని వారు నిలబడవలసిన చోటు? గీత గీసి, బోర్డు పెట్టి, ఇది ఆటో స్టాండు అని చూపిన చోట్లు ఎన్ని? చోటు చూపనందువల్ల వారు బస్టాపులోనే ఆగుతారు. బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి రోడ్డు మధ్యకు పరుగెత్తి బస్సు ఎక్కుతుంది. తిట్లు ఆటోవారికి, చలానా ఆటోవారికి. బస్టాపుకు ముందూ వెనుకా వరుసగా పెట్టిన కార్లను ఎవరూ ఏమీ అనరు.

ఎదుటి పక్షం వాదనలలో ఒకటి చాలా బలమైనది. ఫుట్‌పాత్ నడిచేవారిది, బండి నిలిస్తే వారు రోడ్డు మీదికి దిగాలి, ప్రమాదాలు జరుగుతాయి అంటారు. ఇది నిజం. ప్రభుత్వాసుపత్రి వంటి చోట అంబులెన్సుకు దారి ఇవ్వని బండిని మేము సమర్థించము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్‌లో అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లు, అనగా ఆరడుగుల చోటు నడకకు మిగలాలి. ఆ ఆరడుగులు ముందు కొలిచి విడిచిపెట్టండి, దాని జోలికి ఏ బండీ రాకూడదు. ఆ కొలత కారుకు, మోటారు సైకిలుకు, దుకాణం ముందు పేర్చిన బొమ్మలకు, హోటలు జనరేటరుకు కూడా వర్తించాలి. అలా అందరికీ ఒకే టేపు పెట్టి కొలిచిన రోజున బండ్లకు తప్పక చోటు మిగులుతుంది. మా అనుభవంలో టేపు బండి దగ్గరే బయటికి వస్తుంది.

మరొక వాదన దుకాణదారులది. మేము పన్ను కడుతున్నాము, అద్దె కడుతున్నాము, మా ముందు బండి పెడితే మా వ్యాపారం ఏమి కావాలని అడుగుతారు. ఇందులో మన దుకాణదారులూ ఉన్నారు. వారితో నేరుగానే మాట్లాడదలచాము. సోదరులారా, మీ మెట్టు దిగిన తరువాత ఉన్న నేల మీది కాదు. ఆ నేలను రోజు అద్దెకు ఇచ్చి, ఆ బండివారి దగ్గరే డబ్బు తీసుకుని, లారీ వచ్చిన రోజున 'మాకు తెలియదు' అని షట్టరు దించుకున్న మనవాళ్ళను మేము ఎరుగుదుము. ఏ ఫత్వా అడిగి ఆ అద్దె తీసుకున్నారో చెప్పగలరా?

మన తప్పులు అంతటితో తీరవు. జుమా రోజున మస్జిదు ముందు మన మోటారు సైకిళ్ళు ఎలా ఉంటాయో మనకు తెలియనిది కాదు. ఆలస్యంగా వచ్చినవారు అడ్డంగా పెట్టి లోపలికి పరుగెత్తుతారు. బయట ఆటో ఆగిపోతుంది, అందులో ఆసుపత్రికి వెళ్ళేవారు ఉండవచ్చు. దారుల మీద కూర్చోవడం మానుకోమని, మానలేకపోతే దారికి దాని హక్కు ఇచ్చి కూర్చోమని దైవప్రవక్త (స) సహచరులకు బోధించారు. బాటసారికి బాధ కలిగించకపోవడం ఆ హక్కులో ఒకటి. నమాజు కోసం వచ్చి దారి హక్కు కాలరాచేవారికి బండివారి హక్కు గురించి మాట్లాడే నోరు ఉండదు. మస్జిదు కమిటీలు ఇద్దరు యువకులను జుమా రోజున బయట నిలబెట్టి వాహనాలు వరుసగా పెట్టించడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు.

బజారు చోటు గురించి తొలినాటి ముస్లిం సమాజంలో ఉన్న పద్ధతిని కూడా గుర్తు చేసుకోవచ్చు. మస్జిదులో చోటు ఎలాగో బజారులో చోటు అలాగే అని, ముందు వచ్చి కూర్చున్నవారికి ఆ రోజుకు ఆ చోటు అని, వారు లేచి ఇంటికి వెళితే అది మళ్ళీ అందరిదీ అవుతుందని హజ్రత్ ఉమర్ (రజి) పేర ఉల్లేఖనం ఉంది. బండి ఆ నియమాన్ని నేటికీ పాటిస్తున్నది. రాత్రి పది గంటలకు సర్దుకుని వెళ్ళిపోతుంది. ఇంట్లో షెడ్డు లేని కారు రాత్రంతా వీధిలోనే నిద్రపోతుంది.

కాకినాడలో ఏమి చేయవచ్చు? ఇది అసాధ్యమైన పని కాదు. స్మార్ట్ సిటీ మిషన్ మొదటి జాబితా 2016 జనవరిలో వచ్చినప్పుడు, దేశం మొత్తం మీద ఎంపికైన ఇరవై నగరాలలో మన కాకినాడ ఒకటి. మెయిన్ రోడ్డు అంచులను అడుగడుగునా కొలిచి, ఇది బస్సుకు, ఇది ఆటోకు, ఇది బండికి, ఇది సరుకు దించడానికి అని రంగు గీతలు గీయడానికి స్మార్ట్ సిటీ అక్కరలేదు, సున్నం డబ్బా చాలు. ఒకే చోటును వేళను బట్టి పంచుకోవచ్చు. తెల్లవారుజాము నుండి దుకాణాలు తెరిచేదాకా సరుకు లారీలకు, పగలు ఆటోలకు, సాయంత్రం నుండి రాత్రి దాకా బండ్లకు. కారు కావాలంటే పెట్టుకోనివ్వండి, గంటకు ఇంత అని రుసుము కట్టించండి, రద్దీ వేళ ఎక్కువ, మిగతా వేళ తక్కువ. ఆ డబ్బుతోనే ఫుట్‌పాత్ వేయండి, బండ్లవారికి మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. బండి మనిషి కూడా రుసుము కడతారు. ఇప్పటికే కడుతున్నారు. ఆ రుసుము గుత్తేదారు జేబులోకి పోకుండా, రసీదు మీద, చట్టం ప్రకారం కట్టనివ్వండి.

కారువారు ఒప్పుకోరు, పెద్దవాళ్ళ కార్లను ఎవరు ఆపుతారు అంటారా? ఈ ఊరిలోనే ఆపారు. 1923 డిసెంబరులో కాకినాడలో జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగింది. అధ్యక్షులు మౌలానా మహమ్మద్ అలీ. ఆ సందర్భంగా పెట్టిన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలిచిన దుర్గాబాయి అనే బాలిక, టికెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొని తెచ్చాకనే వదిలింది. ఆనాడు ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. మన ఊరి రోడ్డు మార్జిన్ దగ్గర అలాంటి వాలంటీరు ఒకరు నిలబడవలసి ఉంది.

ఆ వాలంటీరు పని చేయవలసినది చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ. మునిసిపల్ కమిషనరు దానికి అధ్యక్షులు. సభ్యులలో నలభై శాతానికి తగ్గకుండా వీధి విక్రయదారులే ఉండాలి, వారిని వారే ఎన్నుకోవాలి. అందులో మూడో వంతు స్త్రీలు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, మైనారిటీలు, వికలాంగులకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టమే అంటున్నది. 'మైనారిటీలు' అన్న మాట ఆ చట్టంలో ఉందని మనలో ఎందరికి తెలుసు? స్వచ్ఛంద, సామాజిక సంస్థలకు కూడా పది శాతానికి తగ్గకుండా చోటు ఉంది. గోదావరి జిల్లాలలో మన సంఖ్య స్వల్పం. ఓట్ల బలంతో అడిగి తెచ్చుకునే శక్తి మనకు లేదు. పైగా 2017లో ఎన్నికైన నగర పాలకవర్గం గడువు 2022లో తీరిపోయింది. కార్పొరేటరు గుమ్మం తొక్కి చెప్పుకునే అవకాశం కూడా ఆ తరువాత లేకుండా పోయింది. ఇలాంటి స్థితిలో చట్టం తెరిచి ఉంచిన ఒకే ఒక్క కుర్చీని ఖాళీగా వదిలేస్తే తప్పు ఎవరిది?

అందుచేత ఈ నెలలోనే చేయవలసిన పని ఒకటి ఉంది. బండి, బుట్ట, గోనె, ఏది పెట్టుకుని అమ్మేవారైనా సరే, మెప్మా కార్యాలయానికి వెళ్ళి తమ పేరు సర్వేలో ఉందో లేదో కనుక్కోవాలి. లేకపోతే రాతపూర్వకంగా అడిగి, అర్జీ అందినట్టు రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని అర్జీ అర్జీ కాదని ఇన్నేళ్ళ గుమాస్తాగిరీ మాకు నేర్పింది. చదువుకున్న మన యువకులు జుమా నమాజు తరువాత ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చుని ఈ అర్జీలు రాసి పెట్టాలి, హిందూ సోదరులకైనా, క్రైస్తవ సోదరులకైనా, ఎవరు వస్తే వారికి.

మరొక మాట పెద్దవాళ్ళకు. యాభై ఏళ్ళకు పైబడి వీధి వ్యాపారం జరుగుతున్న సహజ మార్కెట్టును వారసత్వ మార్కెట్టుగా ప్రకటించాలని, అక్కడివారిని కదిలించరాదని ఆ చట్టం చివరి షెడ్యూళ్ళలో ఉంది. యాభై ఏళ్ళని రుజువు చేయాలంటే కాగితం కావాలి. మీ అబ్బాజాన్ చినిగిన సంచిలోనో, ఇనప ట్రంకు పెట్టె అడుగునో పాత ఆశీలు చీటీలు, జరిమానా రసీదులు, బండి లైసెన్సు ముక్కలు ఉండవచ్చు. ఏళ్ళ తరబడి మిమ్మల్ని పీడించి వసూలు చేసిన ఆ చీటీలే ఇప్పుడు మీరు అక్కడ ఉన్నారనడానికి సాక్ష్యం. పారవేయకండి. తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకురండి, తేదీల వారీగా పేర్చి జెరాక్సు తీయించే పని మేము చూసుకుంటాము.